మౌంట్ పిల్‌చక్ పాత ఫైర్ లుకౌట్‌కి ఒక్కరోజు హైక్: దారి, సమయం, చివరి రాళ్ల సంగతి

సియాటిల్, బెల్‌వ్యూ, రెడ్‌మండ్, బాతెల్ వైపు ఉండేవాళ్లు పొద్దున వెళ్లి సాయంత్రానికి ఇల్లు చేరగల పాత ఫైర్ లుకౌట్లలో, అంటే అడవిలో నిప్పుని కనిపెట్టడానికి కట్టిన కాపలా గదుల్లో, మౌంట్ పిల్‌చక్ మీద ఉన్నదే ముందు చూడాల్సింది. వాషింగ్టన్ రాష్ట్రంలో, కాస్కేడ్ పర్వతాల పడమటి అంచున, సుమారు 5,300 అడుగుల ఎత్తులో శిఖరం కొనమీద చెక్క గది. నాలుగు వైపులా కిటికీలు, చుట్టూ నడవడానికి చిన్న వసారా. రానూపోనూ 5.4 మైళ్లు, అంటే 8.7 కిలోమీటర్లు. ఎక్కాల్సిన ఎత్తు 2,300 అడుగులు.

చాలామందిని తప్పుదారి పట్టించేది ఈ అంకెలే. ఊళ్లో పార్కు చుట్టూ 5.4 మైళ్లు రెండు గంటల నడక. ఇక్కడ మామూలు ఫిట్‌నెస్ ఉన్నవాళ్లకి ఎక్కడానికి రెండున్నర నుంచి మూడు గంటలు, పైన ముప్పావుగంట, దిగడానికి రెండు గంటలకు తక్కువ కాదు. కాలిబాట మట్టిది కాదు. వేర్లు, రాతి మెట్లు, విడి రాళ్లు. ప్రతి అడుగూ చూసి వేయాలి. కాబట్టి రోజు మొత్తాన్ని దూరంతో కాకుండా గంటలతో లెక్కేసుకోండి. ఇంటి నుంచి ఇంటికి పది గంటలు పెట్టుకుంటే హడావిడి ఉండదు.

ఎప్పుడు వెళ్లాలి

జులై మధ్య నుంచి అక్టోబర్ మొదటి వారాల వరకు. అంతకుముందు వద్దు. ఊళ్లో మే నెల ఎండ చూసి బయల్దేరితే పైన సగం దారి మంచు కింద ఉంటుంది. బాట ఎక్కువ భాగం కొండ ఉత్తరపు వైపు నుంచి వెళ్తుంది కాబట్టి అక్కడ జూన్ చివరి దాకా మంచు కరగదు. ఆ మంచుతో ప్రమాదం మూడు రకాలు. మొదటిది, బాట కనపడదు. ముందు వెళ్లినవాళ్ల అడుగుజాడలు పట్టుకుని పోతే, వాళ్లు దారి తప్పినచోటే మీరూ తప్పుతారు. రెండోది, పెద్ద రాళ్ల పక్కన మంచు లోపలి నుంచి కరిగి గుల్లగా అవుతుంది. పైకి గట్టిగా కనపడినా కాలు తొడ దాకా దిగబడి, లోపల రాయికి తగిలి మోకాలు తిరుగుతుంది. మూడోది, వాలు మంచు మీద జారితే ఆగేది కింద ఉన్న రాళ్ల దగ్గరే. బూట్లకి తగిలించే మైక్రోస్పైక్‌లు చదునైన గట్టి మంచు మీద పట్టునిస్తాయి గానీ నిటారు వాలులో జారడం మొదలైతే ఆపవు. మంచులో నడవడం నేర్చుకోనివాళ్లు జులై దాకా ఆగడమే మంచిది.

వెళ్లే ముందు రెండు రోజుల్లో వాషింగ్టన్ ట్రెయిల్స్ అసోసియేషన్ సైట్‌లో పిల్‌చక్ పేజీ తెరిచి, వెళ్లొచ్చినవాళ్లు రాసినవి చదవండి. మంచు ఎక్కడి దాకా ఉంది, రోడ్డు ఎలా ఉంది, పార్కింగ్ ఎన్నింటికి నిండింది అన్నీ అక్కడ తెలుస్తాయి. తేదీ చూడటం మాత్రం మరవకండి. పదిహేను రోజుల కిందటి కబురు జూన్‌లో పనికిరాదు.

వాతావరణం చూసేటప్పుడు కింద ఊళ్లైన ఎవరెట్‌దో గ్రానైట్ ఫాల్స్‌దో చూస్తే చాలదు. నేషనల్ వెదర్ సర్వీస్ సైట్‌లో మ్యాపు మీద శిఖరం ఉన్న చోటే నొక్కితే ఆ ఎత్తుకి సంబంధించిన అంచనా వస్తుంది. సముద్రం వైపు నుంచి వచ్చే తేమకి అడ్డం పడే మొదటి కొండల్లో ఇదొకటి కాబట్టి మబ్బు ఇట్టే కమ్ముతుంది. దీనికి ఇంకో వైపు కూడా ఉంది. జులై, ఆగస్టుల్లో పొద్దున సియాటిల్‌లో మబ్బుగా ఉందని ప్లాన్ మానుకోనక్కర్లేదు. ఆ మబ్బు చాలాసార్లు మూడు నాలుగు వేల అడుగుల లోపే పరుచుకుని, శిఖరం దాని పైన ఎండలో ఉంటుంది. ఆగస్టు, సెప్టెంబర్‌లలో మాత్రం కార్చిచ్చుల పొగని, గాలి నాణ్యత చూపే ఎయిర్‌నౌ సైట్ మ్యాపులో చూసుకోండి. పొగ ఉన్న రోజు ఎక్కడం ఊపిరితిత్తులకి మంచిది కాదు, పైన కనపడేదీ ఏమీ ఉండదు.

రోడ్డు, పాస్, పార్కింగ్

సియాటిల్ నుంచి ఐ-5 మీద ఉత్తరానికి వెళ్లి ఎవరెట్‌లో 194 ఎగ్జిట్ తీసుకుని, యూఎస్ 2, తర్వాత 204, 9, 92 నంబరు రోడ్ల మీదుగా గ్రానైట్ ఫాల్స్. బెల్‌వ్యూ, రెడ్‌మండ్ వైపు వాళ్లకి 522 నుంచి 9 నంబరు రోడ్డు ఎక్కడం తేలిక. గ్రానైట్ ఫాల్స్‌లో పెట్రోలు నింపుకోండి, ఆపైన బంకు లేదు. ఆఫ్‌లైన్ మ్యాపు డౌన్‌లోడ్ చేయడం, ఇంట్లోవాళ్లకి మెసేజ్ పెట్టడం కూడా అక్కడే ముగించండి. కొండ రోడ్డులో ఫోన్ సిగ్నల్‌ని నమ్ముకోకూడదు.

అక్కడి నుంచి మౌంటెన్ లూప్ హైవే మీద 11 మైళ్లు వెళ్తే వెర్లాట్ రేంజర్ స్టేషన్. ఇంకో మైలు వెళ్లి, స్టిల్లగ్వామిష్ నది మీద వంతెన దాటగానే కుడివైపు మౌంట్ పిల్‌చక్ రోడ్డు. చివరి వరకు సుమారు ఏడు మైళ్లు. ఎక్కువ భాగం కంకర, గుంతలు. మామూలు సెడాన్ కారు వెళ్తుంది, కానీ గంటకి పది పదిహేను మైళ్ల వేగంతోనే. గుంతలో నీళ్లుంటే లోతు తెలియదు, పక్క నుంచి పోనివ్వండి. టైర్ పంక్చర్ ఇక్కడ కొత్త సంగతి కాదు. స్పేర్ టైర్‌లో గాలి ఉందో లేదో ఇంటి దగ్గరే చూసుకోవాలి. చాలా కొత్త కార్లలో స్పేర్ అసలు ఉండదు, గాలి కొట్టే చిన్న కిట్ మాత్రమే ఇస్తారు. చలికాలంలో ఈ రోడ్డుని మధ్యలోనే గేటు వేసి మూసేస్తారు.

పార్కింగ్‌కి నార్త్‌వెస్ట్ ఫారెస్ట్ పాస్ కావాలి. రోజుకి 5 డాలర్లు, ఏడాదికి 30. నేషనల్ పార్కులకి వాడే అమెరికా ది బ్యూటిఫుల్ పాస్ ఉన్నా సరిపోతుంది. శిఖరం స్టేట్ పార్కులోది కాబట్టి డిస్కవర్ పాస్ చాలనుకుని వచ్చేవాళ్లు ఉంటారు. పార్కింగ్ స్థలం మాత్రం నేషనల్ ఫారెస్ట్‌ది, అక్కడ అది చెల్లదు.

వేసవి శని, ఆదివారాల్లో ఏడున్నరకల్లా కారు నిలిపేయాలి. ఆలస్యమైతే రోడ్డు పక్కనే నిలపాల్సి వస్తుంది. అక్కడి నుంచి నడక అదనం, అవతలి నుంచి వచ్చే కార్లకి దారి ఇరుకు. కారులో బ్యాగు, ల్యాప్‌టాప్, పాస్‌పోర్ట్ ఏదీ వదలకండి. అద్దాలు పగలగొట్టి దొంగతనం చేయడం ఇలాంటి చోట్ల జరుగుతూనే ఉంది. డిక్కీలో పెట్టాల్సింది ఉంటే ఇంటి దగ్గరే పెట్టి రండి, అక్కడికొచ్చాక పార్కింగ్‌లో అందరి ముందూ తెరిచి దాచవద్దు. ట్రెయిల్‌హెడ్‌లో, అంటే కాలిబాట మొదలయ్యే చోట, టాయిలెట్ ఉంది. టిష్యూ, శానిటైజర్ మీవే తెచ్చుకోండి. దారిలో గానీ పైన గానీ ఇంకోటి లేదు.

సంచిలో ఏముండాలి

మనిషికి రెండు నుంచి మూడు లీటర్ల నీళ్లు. దారి మొదట్లో ఒక వాగు తగులుతుంది, ఆపైన నమ్మదగ్గ నీళ్లు లేవు. వాగు నీళ్లు తాగాలంటే ఫిల్టర్ ఉండాలి. రెయిన్ జాకెట్, ఫ్లీస్ లాంటి వెచ్చటి పొర, హెడ్‌ల్యాంప్, మ్యాపు, దిక్సూచి, ప్రథమ చికిత్స సామాను, టోపీ, కళ్లద్దాలు, అదనపు తిండి, ఎమర్జెన్సీ దుప్పటి. ఆగస్టులో హెడ్‌ల్యాంప్ ఎందుకు అనిపిస్తుంది. ఎవరికైనా చీలమండ బెణికితే రెండు గంటల దిగుడు ఐదు గంటలవుతుంది, అడవిలో చీకటి ఊరికంటే గంట ముందే పడుతుంది. ఫోన్ లైటు పెట్టుకుంటే ఒక చెయ్యి దానికే పోతుంది, బ్యాటరీ కూడా.

బట్టల్లో కాటన్ వద్దు. చెమటకో జల్లుకో తడిస్తే ఆరదు. పైన గాలి తగలగానే ఒళ్లు వణుకుతుంది. జీన్స్ కూడా అంతే. అమ్మానాన్నలు, అత్తమామలు ఇండియా నుంచి వచ్చినప్పుడు తీసుకెళ్తుంటే చున్నీ, పొడుగు కుర్తా వద్దని ముందే చెప్పండి. రాళ్ల మధ్య వంగి ఎక్కేటప్పుడు అవి కాలికింద పడతాయి. బూట్ల అడుగున ఉండే గాట్లు అరిగిపోకుండా ఉండాలి. జిమ్‌కి వేసుకునే రన్నింగ్ షూస్ తడి రాతి మీద జారతాయి. కొత్త బూట్లయితే కనీసం రెండు మూడు చిన్న నడకలు వాటితో నడిచాకే ఈ కొండకి.

తిండికి పులిహోర బ్రహ్మాండంగా ఉంటుంది. ఉప్పు, పిండిపదార్థం, నూనె మూడూ ఉన్నాయి, చల్లారినా తినొచ్చు. చపాతీ చుట్టలు, పల్లీ చిక్కీ, ఖర్జూరం కూడా బాగుంటాయి. పైకి చేరాకే అన్నీ ఒకేసారి తినేసే కంటే ప్రతి నలభై నిమిషాలకీ రెండు ముద్దలు నోట్లో వేసుకుంటూ పోతే ఓపిక పడిపోదు. కమలా తొక్కలతో సహా మీ చెత్త మీతోనే తిరిగి రావాలి. చల్లటి చోట తొక్కలు ఏళ్ల తరబడి అలాగే ఉంటాయి. పక్షులకీ ఉడతలకీ పెట్టకండి.

ఎక్కే దారి

మొదటి మైలు పెద్ద పెద్ద హెమ్‌లాక్, ఫర్ చెట్ల అడవి. వాగు దాటాక బాట ఎక్కుతూనే ఉంటుంది. వేర్ల మీద కాలు పెట్టకుండా వేర్ల మధ్య పెట్టండి. తడి వేరు సబ్బంత జారుతుంది. కొండ మీది నుంచి రాలిన బండల గుట్ట దగ్గరికి వచ్చినప్పుడు జాగ్రత్త. అక్కడ బాట గుట్ట అంచున సాగి, చెట్ల వైపు మళ్లుతుంది. కబుర్లలో పడి తిన్నగా బండల మీదికి ఎక్కేస్తుంటారు. పది అడుగులు పోయాక అరిగిన నేల కనపడకపోతే ఆగి వెనక్కి వచ్చి చూడండి, మళ్లే చోటు తెలుస్తుంది. బండల మీద అడ్డదారి తొక్కితే కింద ఉన్నవాళ్ల మీదికి రాళ్లు దొర్లుతాయి.

అడవి పలచబడ్డాక గ్రానైట్ రకం రాతి పలకలు, హెదర్ పొదలు మొదలవుతాయి. ఇక్కడి నుంచి ఎండ నేరుగా తగులుతుంది. మనుషులు ఎంత వేగంతో ఎక్కుతున్నారో లెక్క చూసుకోవాల్సింది ఇక్కడే. బయల్దేరి రెండు గంటలైనా చెట్ల లైను దాటకపోతే, గుంపులో ఎవరికైనా తల తిరుగుతుంటే, లేదా పైన మబ్బు కిందికి దిగుతుంటే వెనక్కి తిరగడం సరైన నిర్ణయం. బయల్దేరే ముందే వెనుదిరిగే సమయం ఒకటి అనుకోండి. ఎనిమిదింటికి మొదలుపెడితే పన్నెండు గంటలకి ఎక్కడున్నా సరే వెనక్కి. శిఖరం కనపడుతున్నప్పుడు కొత్తగా నిర్ణయం తీసుకుంటే ఎవరూ వెనక్కి తిరగరు.

గుంపులో అందరికంటే నెమ్మదిగా నడిచేవాళ్లని ముందు పెట్టండి. వెనక పెడితే వాళ్లు ఆగినవాళ్లని అందుకునే సరికి ఆగినవాళ్లు లేచి వెళ్లిపోతారు, వాళ్లకి విశ్రాంతే దొరకదు. పిల్లలని బాట మలుపుల్లో ముందుకి పరిగెత్తనివ్వకండి.

చివరి వంద అడుగులు

బాట కొండ భుజం చుట్టూ తిరిగి శిఖరం కిందికి చేరుస్తుంది. ఆపైన బాట లేదు. కారంత, బీరువాంత బండలు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు ఉంటాయి. లుకౌట్ వాటి కొనమీద. ఈ హైక్‌లో అసలు నేర్పు కావాల్సింది ఇక్కడే కాబట్టి కాస్త వివరంగా చెప్తాం.

ముందు చేతి కర్రలు మడిచి సంచికి కట్టేయండి. రెండు చేతులూ ఖాళీగా ఉండాలి. సంచి పట్టీలు బిగించండి, వదులుగా ఉంటే అడుగు చాచినప్పుడు బరువు పక్కకి లాగుతుంది. ఫోన్ జేబులో పెట్టి జిప్ వేయండి. రాళ్ల సందుల్లో పడితే తీయలేరు. రెండు చేతులు, రెండు కాళ్లలో ఎప్పుడూ మూడు రాతికి ఆనుకుని ఉండాలి, నాలుగోది మాత్రమే కదలాలి. బండ మీద బరువు వేసే ముందు కాలితో నొక్కి చూడండి. పొడి గ్రానైట్ బూటుని బాగా పట్టుకుంటుంది. నల్లటి మచ్చల్లా కనిపించే నాచు మీద, తడిసిన చోట మాత్రం పట్టు ఉండదు. అందుకే వాన పడుతుంటే, లేదా పొద్దున పొగమంచు తడి ఆరకముందు ఈ భాగం ఎక్కకండి. అరగంట ఆగితే ఆరొచ్చు.

పిల్లల విషయంలో వాళ్ల కింద ఒక పెద్దవాళ్లు, పైన ఒకరు. నడుముకో వీపుకో కట్టుకునే క్యారియర్‌లో పసిపిల్లతో ఈ బండలు ఎక్కొద్దు. కాళ్ల దగ్గర ఏముందో కనపడదు, వెనక్కి పడితే బిడ్డ మీదే పడతారు. ఎక్కలేమనుకున్నవాళ్లు బండల కింద చదును చోట కూర్చోవచ్చు, అక్కడి నుంచీ కొండలు బాగానే కనపడతాయి. ఒకరిని తోడుగా వదిలి వంతులవారీగా వెళ్లండి.

ఆఖరున చిన్న నిచ్చెన. ఒక్కొక్కరే ఎక్కాలి. దిగేటప్పుడు ముఖం నిచ్చెన వైపే ఉండాలి, మెట్లు దిగినట్టు బయటికి తిరిగి దిగకూడదు. రద్దీ రోజున ఇక్కడ వరస కడతారు, పది పదిహేను నిమిషాలు పట్టొచ్చు. కుక్కని తెచ్చినవాళ్లు దాన్ని బండల కిందే ఉంచడం మంచిది.

లుకౌట్‌లో ఏం చూడాలి

1910 ఆగస్టులో ఐడహో, మోంటానా, వాషింగ్టన్‌లలో రెండే రోజుల్లో 30 లక్షల ఎకరాల అడవి తగలబడి, ఎనభైమందికి పైగా చనిపోయారు. నిప్పు చిన్నగా ఉన్నప్పుడే కనిపెట్టాలన్న పట్టుదల ఫారెస్ట్ సర్వీస్‌కి అప్పటి నుంచి పెరిగింది. ఆ తర్వాతే పడమటి రాష్ట్రాల శిఖరాల మీద ఈ గదులు వరసగా లేచాయి. పిల్‌చక్ మీద లుకౌట్ 1918లో వచ్చింది. 1950లలో విమానాల గస్తీ పెరిగాక కాపలా ఆగిపోయింది. పాడుబడుతున్న గదిని మౌంటెనీర్స్ క్లబ్ ఎవరెట్ శాఖ వాలంటీర్లు బాగుచేశారు. ఇప్పుడు మనం నిలబడగలుగుతున్నది వాళ్ల చేతిపని వల్లే. గోడల మీద పేర్లు చెక్కొద్దు, లోపల స్టవ్ వెలిగించొద్దు, తిండి వదలొద్దు. ఎలుకలు చేరితే చెక్కని కొరికేస్తాయి. చివరగా వచ్చేవాళ్లు తలుపు మూసి రావాలి.

ఇలాంటి గదుల్లో కాపలా మనిషి వాడిన ముఖ్యమైన పరికరం ఆస్‌బోర్న్ ఫైర్ ఫైండర్. గది నడిమధ్య నడుమెత్తు బల్ల మీద గుండ్రటి మ్యాపు. మ్యాపుకి సరిగ్గా మధ్యలో ఆ లుకౌట్. చుట్టూ డిగ్రీలు గుర్తులున్న లోహపు చక్రం, దాని మీద ఒక పక్క చూసే సన్నటి రంధ్రం, ఎదుటి పక్క నిలువుగా బిగించిన గుర్రపు వెంట్రుక. పొగ కనపడగానే చక్రాన్ని తిప్పి, రంధ్రంలోంచి చూస్తూ ఆ వెంట్రుకని పొగ మొదలుకి తెచ్చి, డిగ్రీ చదివి ఫోన్‌లో చెప్పేవారు. పొగ కొస గాలికి పక్కకి పోతుంది కాబట్టి ఎప్పుడూ మొదలే చూడాలి. ఇంకో శిఖరం నుంచి ఇంకొకరు తమ డిగ్రీ చెప్తే, మ్యాపు మీద రెండు గీతలు కలిసినచోటే నిప్పు. పిడుగులు పడేటప్పుడు కాపలా మనిషి నిలబడటానికి కాళ్లకి గాజు తొడుగులున్న స్టూలు ఉండేది, కరెంటు ఒంట్లోంచి పారకుండా.

ఆ పని ఎలా ఉండేదో తెలుసుకోవడానికి పిల్‌చక్ లాంటి చోటు అరుదు. వసారాలో నిలబడితే మౌంట్ బేకర్ దాదాపు సరిగ్గా ఉత్తరాన, మౌంట్ రెయినియర్ దాదాపు సరిగ్గా దక్షిణాన, గ్లేషియర్ పీక్ కాస్త ఉత్తరానికి ఒరిగి తూర్పున ఉంటాయి. పడమర ఎవరెట్, పుజెట్ సౌండ్, దాని వెనక ఒలింపిక్ పర్వతాలు. దిక్సూచి తీసి బేకర్ వైపు పెట్టండి. ఈ ప్రాంతంలో సూది అసలు ఉత్తరానికి సుమారు 15 డిగ్రీలు తూర్పుగా చూపిస్తుంది కాబట్టి, సూది చూపే చోటికి అంత ఎడమగా బేకర్ కనపడాలి. అలా కనపడితే మీ దిక్సూచి సరిగ్గా ఉంది, దాన్ని చదవడం మీకు వచ్చింది. పిల్లలకి దిక్కులు నేర్పడానికి ఇంతకంటే మంచి తరగతి గది దొరకదు. మబ్బు కమ్మినప్పుడు దిగే దిక్కు తెలియాలన్నా ఈ లెక్కే అక్కరకొస్తుంది.

ఉరుము వినపడితే ఫోటోలు ఆపి వెంటనే దిగండి. చుట్టుపక్కల అన్నిటికంటే ఎత్తైన చోట మీరున్నారు.

దిగడం

మోకాళ్ల నొప్పులు, బెణుకులు ఎక్కువగా దిగేటప్పుడే. కాళ్లు అలిసి ఉంటాయి, మనసు కారు దగ్గరికి వెళ్లిపోయి ఉంటుంది. బండలు దాటాక ఐదు నిమిషాలు కూర్చుని నీళ్లు తాగి, లేసులు మళ్లీ బిగించండి. వేళ్లు బూటు ముందుకి తగలకుండా మడమ దగ్గర గట్టిగా కట్టాలి. చేతి కర్రలు ఎక్కేటప్పటి కంటే రెండు నుంచి నాలుగు అంగుళాలు పొడుగు చేసుకుంటే మోకాళ్ల మీద భారం తగ్గుతుంది. పొట్టి అడుగులు, మోకాలు కాస్త వంచి. ఎక్కేవాళ్లకి దారి ఇవ్వండి.

మబ్బులో బాట తప్పితే కిందికి దిగుతూ పోవద్దు. ఈ కొండకి నిటారు గోడలున్నాయి, కింద కనపడే వాలు చివర ఏముందో తెలియదు. ఆఖరుసారి బాట చూసిన చోటికి పైకే తిరిగి వెళ్లండి. అది దొరకకపోతే ఆగి, వెచ్చటివి తొడుక్కుని 911కి చేయండి. సిగ్నల్ లేకపోతే కొత్త ఐఫోన్లలో శాటిలైట్ ఎస్ఓఎస్ పనిచేస్తుంది, ఆకాశం తెరిపిగా ఉన్నచోట నిలబడాలి.

పెద్దవాళ్లకి ఇది ఎక్కువ అనిపిస్తే ఇదే రోడ్డు మొదట్లో హెదర్ లేక్ ట్రెయిల్ ఉంది, ఎక్కే ఎత్తు ఇందులో సగానికి తక్కువ. లుకౌటే చూడాలనుకుంటే యూఎస్ 2 మీద ఇండెక్స్ దగ్గర హేబ్రూక్ లుకౌట్ ఉంది. రానూపోనూ 2.6 మైళ్లు, 850 అడుగుల ఎత్తు. కాకపోతే అక్కడ చివర ఎక్కాల్సింది బండలు కాదు, టవర్ మెట్లు. మొదటిసారి వెళ్లే కుటుంబాలు ముందు హేబ్రూక్ చేసి, మర్నాడు కాళ్లు ఎలా ఉన్నాయో చూసుకుని పిల్‌చక్ తేదీ పెట్టుకోవచ్చు.